ప్రవాసాంధ్రుల కోలాటము

ఊరు విడిచి పరప్రాంతమునకు తరలిపోవువాడు తనతో కొన్నిటిని మూటగట్టుకొని పోగలడు. వంటపాత్రలు, దేవుని పటములు, ఆవకాయ జాడి, పెద్దబాలశిక్ష, ఇవి యన్నియు రైలుపెట్టెలో ఇముడును. పాట సైతము ఒంటరివాని నాలుక మీద ఎంతదూరమైనను పయనింపగలదు. నృత్యమునకు, అందును జానపద నృత్యమునకు, ఈ సౌకర్యము లేదు. రెండు కోలలు సంచిలో పెట్టుకొని వచ్చినవాడు కోలలను తెచ్చినాడే కాని కోలాటమును తేలేదు. అతని కోల తాకుటకు వేరొక కోల కావలెను. ఆ కోల పట్టుటకు వేరొక మనిషి కావలెను. అట్టి మనుషులు ఎనమండ్రో పదునార్గురో కూడవలెను. వారు కూడుటకు ఒక తావు, ఒక తిథి, ఒక వేళ కావలెను. ఇవి యన్నియు చేకూరువరకు కోలాటము ఆ మనిషి కాళ్ళలో నిద్రించుచుండును. చేకూరనిచో అతనితోనే అంతరించును.

జంషెడ్‌పురమున నివసించు తెలుగువారమైన మనకు ఇది కేవలము పుస్తకములలోని చర్చ కాదు. మనలో అధికసంఖ్యాకుల పెద్దలు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమల పల్లెల నుండి ఇచటికి వచ్చినవారు. వారు కాళ్ళలో మోసికొని వచ్చిన ఆట మూడవ తరమునకును నాల్గవ తరమునకును చేరుచున్నదా? చేరినచో ఏ రూపమున చేరుచున్నది? చేరకుండుటకు కారణములేవి? ఈ ప్రశ్నలను చరిత్రదృష్టితో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

కోలాటము ప్రాచీనత

కోలాటము నిన్న మొన్నటి వినోదము కాదు. కాకతి గణపతిదేవ చక్రవర్తి కొలువున గజసైన్యాధిపతియైన జాయపసేనాని క్రీ.శ. 1253-54 ప్రాంతమున ‘నృత్తరత్నావళి’ యను సంస్కృత గ్రంథమును రచించెను. శాస్త్రోక్తమైన మార్గనృత్తముతో తృప్తిపడక, జనులు ఆయా ప్రాంతములందు ఆడుకొను దేశినృత్తములకు కూడ ఆయన గ్రంథమున పెద్దపీట వేసెను. పేరణి, రాసకము, చర్చరి మున్నగువానితోపాటు దండరాసకము కూడ అందు వర్ణితమైనది. దండములు చేతబట్టి తాళగతికి అనుగుణముగా తాకించుచు ఆడు ఆ నృత్తమునకును నేటి మన కోలాటమునకును గల బంధుత్వము స్పష్టము. ఈ గ్రంథమును రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తెనిగించి తెలుగువారికి మహోపకారము చేసిరి. విజయనగర సామ్రాజ్యకాలమున హంపీలోని హజారరామాలయ ప్రాకారము మీద కోలలు పట్టి వరుసగా ఆడుచున్న స్త్రీల శిల్పములు చెక్కబడినవి. సేనాపతి గ్రంథమునకును, రాజు కట్టించిన గుడిగోడకును ఎక్కిన ఈ ఆట పల్లెటూరి రచ్చబండను మాత్రము ఎన్నడును విడువలేదు.

కోలాటపు కట్టుబాటు చూచుటకు సులభము, ఆడుటకు కఠినము. అడుగుల కూర్పునకును కోలల తాకిడికిని కలిపి ‘కోపు’ అని పేరు. గురువు పాట ఎత్తుకొనును, తక్కినవారు అందుకొందురు. ఈల వినిపించగానే కోపు మారును. లోపలి వలయమువారు ఒక దిక్కునకు, వెలుపలి వలయమువారు ఎదురుదిక్కునకు కదలుచు, ప్రతి అడుగునందును ఒక క్రొత్త మనిషికి ఎదురుపడి, అతని కోలను తాకి, దాటిపోవుదురు. నెమ్మదిగా మొదలైన నడక చివరకు ఉరవడి అందుకొనును. వలయము ఒక చుట్టు పూర్తియగునప్పటికి ప్రతివాడును ఎదుటి వలయములోని ప్రతివానిని పలుకరించినట్లగును.

జడకోలాటము మరింత విశేషమైనది. పైన నొకచోట కట్టిన త్రాళ్ళు క్రిందికి వ్రేలాడుచుండును. ఒక చేత త్రాటి కొసను, వేరొక చేత కోలను పట్టుకొని ఆటగాండ్రు ఒకరి ముందునుండి ఒకరు, ఒకరి వెనుకనుండి ఒకరు అల్లుకొనుచు తిరుగగా, పైన అందమైన జడ అల్లుకొనును. అదే కోపును తిరుగవేసి ఆడినచో జడ విడిపోవును. ఒక్కడు అడుగు తప్పినను అది చిక్కుపడును. ఒక్కడు రాకపోయినను ఒక త్రాడు ఊరక వ్రేలాడుచుండును. ప్రవాసజీవితమున మన నృత్యమునకు కలిగిన ఇబ్బంది యంతయు ఆ వ్రేలాడు త్రాటిలోనే కలదని చెప్పవచ్చును.

ఉత్తరాంధ్ర పల్లె పంచాంగము

మన పెద్దలు విడిచివచ్చిన సీమ ఆటపాటలకు కాణాచి. కోలాటము, చెక్కభజన తెలుగుదేశమంతటను ఉన్నవే. తప్పెటగుళ్ళు మాత్రము ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన సొత్తు. యాదవులు రొమ్ముమీద తప్పెటలు కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు బిగించి, రెండు చేతులను వాయించుచు ఆడుదురు. వాద్యకాడు, గాయకుడు, నర్తకుడు ముగ్గురును అందు ఒక్కడే. గంగమ్మతల్లి ప్రీతికొరకు, వానలు కురియుట కొరకు, పశువుల క్షేమము కొరకు పుట్టిన ఆట అది. ఒకరి భుజముల మీద ఒకరెక్కి గోపురమువలె నిలుచు విన్యాసములును, రామకథ, కృష్ణలీలలు, సారంగధర చరిత్ర మొదలైనవానిని ఆడుచునే పాడు నేర్పును చూచువారిని ముగ్ధులను చేయును. అరకు ప్రాంతమున గిరిజన స్త్రీలు ఒకరి వీపు వెనుకగా ఒకరు చేయి వేసి, తుడుము, మోరి మ్రోగుచుండగా, పాము కదలినట్లు వలయముగా ఆడు ధింసా అందరెరిగినదే.

ఇచట ఒక విషయము గుర్తింపదగును. ఈ ఆటలలో ఏదియు పల్లెయందు ‘హాబీ’ కాదు. తీరిక దొరికినపుడు ఇష్టమున్నవాడు చేయు వ్యాసంగము కాదు. అవి పంచాంగముతో ముడివడినవి. శ్రీరామనవమి పందిరిలో కోలాటము ఉండితీరవలెను. సంక్రాంతికి గొబ్బిళ్ళు ఉండితీరవలెను. గ్రామదేవత పండుగనాడు తప్పెట మ్రోగక తప్పదు. ఆటగాడు ఊరికి బాకీపడియుండెను. ఆ బాకీని ఏటేట తీర్చుకొనుచుండెను. కాళ్ళకు ఆట అలవడుటకు ఎవ్వరును పాఠశాలకు పోలేదు. పందిరి గుంజ నానుకొని చూచుచు నిలుచున్న బాలుడు నాలుగేండ్ల తరువాత వలయమున నిలిచెను. అంతియే శిక్షణము.

ఉక్కునగరపు గడియారము

1890 దశకమున తూర్పుతీరపు రైలుమార్గము నిర్మింపబడుటతో ఉత్తరాంధ్రమునకును వంగసీమకును రాకపోకలు సుగమమైనవి. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి కొలువులు మనవారిని ఖరగ్‌పూరునకు రప్పించినవి. ఆ మార్గముననే సింగ్‌భూము అడవుల అంచున ఒక నగరము లేచెను. 1907లో టాటా ఇనుము ఉక్కు సంఘము స్థాపితమైనది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియు తావున గల సాక్చీ పల్లెయొద్ద కర్మాగారము వెలసి, 1912 ఫిబ్రవరి 16వ తేదీన తొలి ఉక్కుదిమ్మ వెలువడెను. 1919లో చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఈ నగరమునకు జంషెడ్‌జీ పేర జంషెడ్‌పురమని నామకరణము చేసెను. కాళీమాటి స్టేషను టాటానగరమైనది. 1945లో టెల్కో కర్మాగారము, 1950 నవంబరు 26వ తేదీన జవహర్లాల్ నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశోధనాలయము వచ్చినవి. కొలిమిపని మొదలు శాస్త్రపరిశోధన వరకును, రైల్వే గుమాస్తా పదవి మొదలు తపాలా ఉద్యోగము వరకును, మనవారికి ఇచట అన్నము దొరకినది.

కర్మాగారము పంచాంగమునకు మారుగా గడియారమును ఇచ్చెను. ఈ మార్పు కీడు మేలు రెండింటిని చేసినది. టాటా సంఘము 1912లోనే ఎనిమిదిగంటల పనిదినమును అమలుపరచెను. భారతదేశపు కర్మాగారములలో అప్పటికి అది అపూర్వము. ఎనిమిది గంటల పనియనగా తక్కిన గంటలలో కొంత తనదే యని కార్మికుడు చెప్పుకొనగలుగుట. పల్లెలో లేని ‘తీరిక’ యను పదార్థము, దానితోపాటు ‘హాబీ’ యను భావము, ఈ విధముగా మనకు సంక్రమించినవి. మరొకవంక, కొలిమి ఆరరాదు గనుక పని రేయింబవళ్ళు మూడు పాళ్ళుగా నడచును. కోలాటములో ఎదురుబొదురుగా నిలువవలసిన జంటలో ఒకడు పగటిపాళికిని, ఒకడు రాత్రిపాళికిని పోవును. కూలిపని చేయు పల్లెలో సూర్యుడు క్రుంకగానే అందరికిని ఒక్కసారే తీరిక కలుగును. ఉక్కునగరమున తీరిక కలదు, అందరికి కలిసి లేదు. ఒంటరిగా చేయదగిన వ్యాసంగములకు ఇది అడ్డు కాదు. వలయముగా ఆడవలసిన ఆటకు ఇది గొడ్డలిపెట్టు.

ఇక ఆటల అంతరార్థమును చూతము. వానకొరకు ఆడు ఆటకు, నెలజీతము మీద బ్రతుకు ఊరిలో, కారణమే సన్నగిల్లును. రాముని కొలువునకు అట్టి ఇబ్బంది లేదు. రాముడు ఎచటనైనను రాముడే. అందుచేత ప్రవాసమున కోలాటము, చెక్కభజన నిలద్రొక్కుకొనినంతగా తప్పెటగుళ్ళు నిలద్రొక్కుకొనలేకపోవుటలో ఆశ్చర్యము లేదు.

గుడి ముంగిలి

జంషెడ్‌జీ టాటా 1902లో కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, నిర్మింపబోవు కార్మికనగరమున వెడల్పైన వీథులు, నీడనిచ్చు చెట్లు, పచ్చికబయళ్ళు, ఫుట్‌బాలు హాకీ ఆటలకు విశాల స్థలములు, దేవాలయములకు మసీదులకు చర్చిలకు తావులు ఉండవలెనని సూచించెను. జానపద నృత్యమునకు స్థలమని అందు వేరుగా లేదు. తెలుగువారి ఆటకు ఆ దేవాలయపు తావే దిక్కైనది. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము ఇందుకు ప్రథమోదాహరణము. గుడి కట్టుకొనిన తెలుగువారు కేవలము దేవునికి ఇల్లు కట్టలేదు. తమ భాషకు ఒక ముంగిలి కట్టుకొనిరి. ఊరి రచ్చబండ, భజనమందిరము, పెండ్లిపందిరి, అన్నియు ఒకే ప్రాకారములో ఇమిడినవి. నవమి పందిరిలో కోల మ్రోగుటకు తావు దొరకెను.

గుడి ఆటను కాపాడినది, అయితే ఆటను కొంత మార్చినది కూడ. పల్లెలో కోలాటపు పాటలలో భక్తి ఒక పాలు. సరసము, వేళాకోళము, ఊరి వార్తలు, అత్తాకోడండ్ర తగవులు తక్కిన పాళ్ళు. గుడి ముంగిట భక్తిపాటలు నిలిచి తక్కినవి వెనుకబడుట సహజము. వెనుకబడిన పాటలతో వాటికి కట్టిన కోపులును వెనుకబడును. లాభము కూడ లేకపోలేదు. పల్లెటూళ్ళలో అనేకచోట్ల పురుషుల దళములకే ప్రాధాన్యముండగా, నేడు తెలుగునాటను బయటను కోలాటమును భుజమున వేసికొని నడుపుచున్నది స్త్రీలు. తిరుమల బ్రహ్మోత్సవములలో స్వామివాహనముల ముందు ఆడుటకు పలుప్రాంతముల నుండి వచ్చు కోలాట దళములలో స్త్రీల సంఖ్య చూచినచో ఈ మాట తేటపడును. ఆట బ్రతుకుటకు చేయి మార్చుకొనినది.

బిర్సా పేరు పెట్టుకొనిన పేట

మన పేట పేరు బిర్సానగరు. జోన్లు జోన్లుగా విస్తరించిన ఈ వాడలో ప్రతిదినము ఆ పేరును చిరునామాలో వ్రాసికొనుచున్నాము. కాని ఆ పేరు గల వానికిని మన కోలాటమునకును ఏమి సంబంధమో తలచిచూచినవారు అరుదు.

బిర్సా ముండా 1875 నవంబరు 15వ తేదీన ఉలిహాతు గ్రామమున జన్మించి, 1899-1900లలో పరపాలనమునకు ఎదురుగా ఉల్గులాన్ అనబడు మహోద్యమమును నడిపి, 1900 జూన్ 9వ తేదీన రాంచీ చెరసాలలో, పాతికేండ్లు నిండకయే అసువులు బాసెను. అడవిలో పశువులను మేపుకొను బాల్యమున ఆయన పిల్లనగ్రోవియందును, సొరబుర్రతో చేసిన ఒంటితీగ వాద్యమైన తుయిలాయందును ప్రీతిగలవాడై, వానిని చేబూని ఆఖ్‌డాకు పోవుచుండెడివాడని చరిత్రకారులు చెప్పుదురు.

ఆఖ్‌డా యనగా నేమి? ముండా, ఉరావ్ మున్నగు జాతుల పల్లెలలో నృత్యము కొరకే విడిచిపెట్టిన బయలు. రచ్చబండవలె దానికి ఊరిలో శాశ్వతస్థానము కలదు. సాలవృక్షము పూచినపుడు సర్‌హుల్ పండుగకును, భాద్రపద శుద్ధ ఏకాదశినాడు కరమ్ పండుగకును ఊరంతయు అచట కూడును. కరమ్ నాడు కరమ చెట్టు కొమ్మను తెచ్చి ఆఖ్‌డా నడుమ నాటి, మాందర్ మ్రోగుచుండగా, చేతులు చేతులు కలుపుకొని రాత్రియంతయు దానిచుట్టు ఆడుదురు. బతుకమ్మను నడుమనుంచి ఆడు తెలంగాణపు ఆడుబిడ్డలను, ఒకరి వీపున ఒకరు చేయివేసికొను అరకు ధింసాను ఎరిగినవారికి ఇది పరాయి ఆటగా తోచదు. సంక్రాంతినాడు మన యిండ్లముందు గొబ్బెమ్మలు కొలువుండగా, అదే దినమున ఈ సీమలో టుసు పండుగ. రంగురంగుల కాగితములతో కట్టిన చౌడల్‌లను మోసికొని, స్త్రీలు పాడుచు పోయి నదిలో నిమజ్జనము చేయుదురు. ఒకే సూర్యసంక్రమణము రెండు జాతుల ఆడువారిని ఒకే దినమున పాడించుచున్నది.

నలువది కిలోమీటర్ల దూరములోపుననే సరాయికేలా కలదు. అచటి ఛౌ నృత్యము ముఖమునకు ముసుగు తగిలించుకొని, మాటలేకుండ, శరీరముతోనే సర్వభావములను పలికించునది. చైత్రపర్వమునకు ఆడు ఆ నృత్యమును రాజవంశీయులే స్వయముగా అభ్యసించి ఆడిరి. 1938లోనే ఆ దళము ఐరోపా పర్యటన చేసెను. 2010లో యునెస్కో ఛౌ నృత్యమును మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చెను.

ఈ నేలకు చెందిన మరొక మహనీయుని చెప్పక తప్పదు. రామదయాల్ ముండా (1939-2011) భాషాశాస్త్రవేత్త. అమెరికాలో చికాగోయందు చదివి, మిన్నెసోటా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడై, 1980 దశకపు తొలినాళ్ళలో స్వదేశమునకు మరలివచ్చి, రాంచీ విశ్వవిద్యాలయమున ఆదివాసి ప్రాంతీయభాషల శాఖను తీర్చిదిద్ది, అనంతరము ఉపకులపతి పదవి నలంకరించెను. అంతటి పండితుడు మాందర్ మెడను వేసికొని వలయమున నిలుచుటకు వెనుదీయలేదు. ఆడువారే మనుదురు అను భావముగల నినాదమును ఆయన ఈ సీమకంతకును మంత్రముగా ఇచ్చెను. దూరదేశమున పదవియు, పాండిత్యమును సంపాదించినవాడు తన ఊరి అడుగును మరువనక్కరలేదని నిరూపించిన జీవితమది. ఆఫీసుల్లో కొలువుచేయు మనకు ఇంతకంటె సమీపమైన ఆదర్శము వేరొకటి లేదు.

కడలి దాటిన వలయము

మనకంటె ముందుగా, మనకంటె దూరముగా పోయిన తెలుగువారి అనుభవమును కూడ గమనింతము. పందొమ్మిదవ శతాబ్దిలో చెరకుతోటల పనికై విశాఖ, గోదావరి మండలముల నుండి వేలకొలది తెలుగువారు మారిషస్ ద్వీపమునకు పోయిరి. కోరంగి రేవున ఓడ యెక్కినందున వారికి అచట ‘కోరంగి’ వారని పేరు వచ్చెను. తరములు గడచినవి. ఇండ్లలో క్రియోలు భాష మాటాడబడుచున్నది. అయినను సింహాద్రి అప్పన్న వ్రతము విడువలేదు, రామభజనము విడువలేదు. దీపమును నడుమ నిలిపి, దానిచుట్టు పాడుచు, అడుగులు వేయుచు, రాత్రి గడుపుదురు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వసెలవు దినము. 1940 దశకమున స్థాపితమైన ఆంధ్రమహాసభ ఈ ఆచారములకు అండగా నిలిచినది.

మాట సడలిన చోట అడుగు నిలిచినదనుట మిక్కిలి ఆలోచింపదగిన విషయము. ఏలయన, అచట నడుమ ఒక దీపమున్నది. కరమ్ ఆటకు నడుమ కొమ్మయున్నది. బతుకమ్మ ఆటకు నడుమ పూలగోపురమున్నది. జడకోలాటమునకు నడుమ త్రాళ్ళముడి యున్నది. వలయమున నిలిచినవారందరు నడిమి వస్తువును చూచుచు, దాని మీదుగా ఒకరినొకరు చూచుకొనుచు ఆడుదురు. అందు చూచువారు ముఖ్యులు కారు. చూచువాడు లేకపోయినను ఆ ఆట ఆగదు. పరదేశమున చప్పట్లు కొట్టువారు లేని కాలమునందును అది నిలుచుటకు రహస్యమిదియే.

వేదికయు, వలయమును

స్వాతంత్ర్యానంతరము జానపద నృత్యమునకు ఒక క్రొత్త గౌరవము కలిగెను. 1950 దశకపు ఆదిలో గణతంత్రదినోత్సవములకు నానారాష్ట్రముల నృత్యదళములు ఢిల్లీకి పోయి ఆడసాగినవి. 1953లో సంగీత నాటక అకాడమీ ప్రారంభమైనది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి అంతకు పూర్వమే జానపద కళారూపములను కొత్త కథలతో ఊరూర ప్రదర్శించియుండెను. నాగరికులు చిన్నచూపు చూచిన ఆటలకు రంగస్థలము దొరకుట సామాన్యమైన మేలు కాదు. మన సంఘముల వార్షికోత్సవములలో కోలాటమునకు చోటు దొరకుట కూడ ఆ ఉద్యమపు ఫలమే.

అయితే వేదిక యెక్కిన కోలాటము మూడు విధముల మారుచున్నది. ప్రేక్షకులకు వీపు చూపరాదు గనుక వలయము తెగి అర్ధచంద్రాకారమగును. కార్యక్రమమున కేటాయించిన నిమిషములు కొలది గనుక, నెమ్మదిగా మొదలై ఉరవడి అందుకొను నడక పోయి, మొదటినుండియు ఉరవడియే మిగులును. ముద్రితమైన పాట యంత్రము నుండి వినవచ్చుచుండగా ఆటగాండ్ర నోళ్ళు మూతబడును. పాట ఎత్తుకొను గురువు అక్కరలేదు, ఈల అక్కరలేదు, అలసినవాని కొరకు పాటను నెమ్మదించు దయ యంత్రమునకు లేదు. ఉత్సవమునకు ముందు మూడువారములు సాధనచేసిన బాలికలు ఉత్సవానంతరము కోలలను అటకమీద పెట్టి మరునాడే మరతురు.

దీనికి తోడు మరొక చిక్కు కలదు. పలుభాషలవారు కలిసియుండు ఈ నగరమున కోలలు చేతబట్టిన ఆట కనిపించగానే దానిని ‘దాండియా’ యందురు. గుజరాతీ సోదరుల దాండియా రమణీయమైనదే. మన కోలాటమునకు అది చుట్టమే. జాయపసేనాని వర్ణించిన దండరాసకపు కొమ్మలే రెండును కావచ్చును. కాని మన పిల్లలే తమ అమ్మమ్మ ఆటను దాండియా యని పిలుచునాడు, ఒక పేరు మాత్రమే పోలేదు. ఆ పేరుతో ముడివడిన కోపులు, పాటలు, పిలుపులు అన్నియు పోవుటకు ద్వారము తెరువబడినది.

వేదికయొక్క బలమును వాడుకొనుచునే అడుగులోని మట్టివాసనను విడువనివారు లేకపోలేదు. పార్వతీపురము ప్రాంతమున పుట్టిన వంగపండు ప్రసాదరావు (1943-2020) విశాఖపట్టణమున హిందూస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడు. ఓడల కర్మాగారమున పనిచేయుచునే ఆయన ఉత్తరాంధ్ర జానపదుల యాసను, దరువును, అడుగును తన పాటలలో నిలిపెను. ఆయన రాజకీయాభిప్రాయములు ఏవైనను కానిండు. కర్మాగారపు గడియారము క్రింద బ్రతుకువాని కాళ్ళనుండి పల్లె అడుగు తొలగనక్కరలేదని ఆయన జీవితము తెలుపును.

మన కర్తవ్యము

పై చరిత్ర నుండి తేలు సారము స్వల్పమైనది. ప్రవాసమున ఆట బ్రతుకుటకు ఒక తిథి, ఒక తావు, సరిపడు జంటలు, నడుమ ఒక దీపము కావలెను. ప్రదర్శనము తరువాతి మాట. ఈ దృష్టితో మన బిర్సానగరు కుటుంబములవారికి కొన్ని విన్నపములు చేయుచున్నాను.

మొదటిది, సంవత్సరమునకొక ఉత్సవముతో తృప్తిపడక నెలకొక సాయంకాలమును ఆటకు విడిచిపెట్టవలెను. పౌర్ణమినాడు కాని, అందరికి అనుకూలమైన ఆదివారమునాడు కాని, ప్రేక్షకులు లేకుండ, మైకు లేకుండ, చేతనైనవారు చేతనైనంత ఆడవలెను. మా యింటి డాబా యైనను, గుడి ముంగిలియైనను చాలును. ఆ సాయంకాలమున వేషభూషలు అక్కరలేదు. చెప్పులు విడిచినచో చాలును.

రెండవది, ప్రతి ఆటగాడును లోపలి వలయపు నడకను, వెలుపలి వలయపు నడకను రెంటిని నేర్చియుండవలెను. పాళి మారి ఒకడు రాలేనిదినమున వేరొకడు ఆ స్థానమున నిలువగలుగును. త్రాడు వ్రేలాడవలసిన పని లేదు. భార్యాభర్తలు, తాతా మనుమరాండ్రు, ఆఫీసరులు గుమాస్తాలు అందరును జంటలు కావచ్చును. కోల తాకునపుడు హోదా అడుగదు.

మూడవది, పాటలను పిల్లలచేత తెలుగు లిపిలోనే ఒక నోటుబుక్కున వ్రాయింపవలెను. హిందీ ఆంగ్ల పాఠశాలలలో చదువు మన పిల్లలకు తెలుగక్షరములు నేర్పుటకు ఇంతకంటె తీయని ఉపాయము లేదు. పాట ముందే నోటికి వచ్చియుండును. అక్షరము దానివెంట తానే వచ్చును. గుడిముంగిట వెనుకబడిన సరసపు పాటలను, వేళాకోళపు పాటలను కూడ పెద్దలనడిగి అందు చేర్పవలెను.

నాల్గవది, మన పెద్దల కాళ్ళలో మిగిలియున్న కోపులను చరవాణితో చిత్రించి భద్రపరుపవలెను. చిత్రించునపుడు ఎదుట నిలిచి తీసినచో మనుషులు కనబడుదురు, కోపు కనబడదు. డాబామీద నిలిచి క్రిందికి చూచుచు తీసినపుడే వలయము ఎట్లు అల్లుకొనుచున్నదో తెలియును.

అయిదవది, ఇరుగుపొరుగువారిని పిలువవలెను, వారు పిలిచినచో పోవలెను. కరమ్ నాడు వారి వలయమున మనమొక చేయి కలిపినచో, సంక్రాంతినాడు మన వలయమునకు వారు రాకపోరు. మన ఆటను వారికి చూపునపుడు ‘కోలాటము’ అని దాని పేరుతోనే పరిచయము చేయవలెను.

ఈ పనులకు తొందర ఏమియని ఎవరైన అడుగవచ్చును. తొందర కలదు. కాకతీయులనాటి పేరిణి నృత్యము కొన్ని శతాబ్దుల కాలము మరుగుపడియుండెను. నటరాజ రామకృష్ణగారు నృత్తరత్నావళిని శోధించి, రామప్పగుడి శిల్పములను పరిశీలించి, ఎన్నో యేండ్ల తపస్సుచేసి దానిని పునరుద్ధరించి 1985లో రామప్ప సన్నిధిని ప్రదర్శింపజేసిరి. ఒక శాస్త్రగ్రంథము, ఒక మహాశిల్పాలయము, ఒక మహాకళాకారుని జీవితము, ఈ మూడును కలిసినపుడు గాని పోయిన ఆట మరలిరాలేదు. మన అమ్మమ్మకు వచ్చిన కోపును గూర్చి వ్రాసిన జాయపసేనాని లేడు. దానిని చెక్కిన గుడిగోడ లేదు. అది ఆమె మోకాళ్ళలో మాత్రమే కలదు, ఆ మోకాళ్ళకు ఇప్పటికే నొప్పులు వచ్చినవి. ఆమె కూర్చుండి చేతితో నేల తట్టుచు చెప్పగలిగినంతకాలమే మనకు గడువు.

కనుక రాబోవు పున్నమికి ఎనమండ్రు కూడుట దుస్సాధ్యము కాదు. వలయమునకు తొలుత ఎనమండ్రు చాలుదురు. తొమ్మిదవవాడు వచ్చినపుడు పదవవానిని వాడే పిలుచుకొని వచ్చును. ఏలయన జంట లేనిదే కోల మ్రోగదు.